సైలో మీద కాగితమా, పాలిస్టరా?

అల్ సువైక్ (ఒమన్): మస్కట్ నుంచి సోహార్ వైపు బాతినా తీరం వెంబడి వస్తుంటే మా సువైక్ తగులుతుంది. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఖర్జూర తోటలు. ఎండాకాలం తెల్లవారుజామున ఇక్కడ కారు అద్దాల మీద నీళ్లు కారుతుంటాయి. అంత తేమ. ఆ తేమను పట్టించుకోకుండా కొన్న ఫిల్టర్ వల్ల మా తమ్ముడొకడికి కళ్లు పోయేంత పనైంది. అందులో నా తప్పు కూడా ఉంది కాబట్టే ఇది రాస్తున్నా.

సంతకం నాదే

2021 అక్టోబర్ 3న షాహీన్ తుఫాను ఈ తీరాన్నే తాకింది. సువైక్, ఖబూరా ప్రాంతాలు బాగా దెబ్బతిన్నాయి. తర్వాత ఇళ్లు, రోడ్ల పనులు పెరిగాయి. మా సైట్ దగ్గర చిన్న బ్యాచింగ్ ప్లాంట్ పెట్టారు. నాది సివిల్ డిప్లొమా. అయినా సూపర్‌వైజర్‌ని కాబట్టి ప్లాంట్ సామాన్లు తీసుకునే పని కూడా నా మీదే పడింది.

2022 ఎండాకాలంలో సిమెంట్ సైలో పైన ఉండే ఫిల్టర్‌కి కొత్త కార్ట్రిడ్జ్‌లు వచ్చాయి. పాతవాటికంటే ధర దాదాపు సగం. సైజు సరిపోయింది, రంగు తెల్లగానే ఉంది. డెలివరీ నోట్ మీద సంతకం పెట్టేశాను. లోపలున్నది కాగితమా, పాలిస్టరా అని చూడలేదు.

నెలన్నర తిరగలేదు. ఒకరోజు పొద్దున్నే బల్కర్ వచ్చి సిమెంట్ ఎక్కిస్తోంది. కింద ఉన్న జగిత్యాల తమ్ముడు అరిచాడు. ‘అన్నా, సైలో మీంచి పొగలెక్క లేస్తుంది, జర ఆపుమను!’ ఆపేలోపే పైనున్న రిలీఫ్ వాల్వ్ తన్నుకుంది. సిమెంట్ అంతా వాడి నెత్తిన పడింది. సిమెంట్ తడికి తగిలితే సున్నంలా కాలుస్తుంది. చాలాసేపు నీళ్లు పోసి కళ్లు కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాం. చూపు దక్కింది. నాలుగు రోజులు పనికి రాలేకపోయాడు.

ఫిల్టర్ విప్పి చూస్తే కాగితం తేమకు ఉబ్బింది. మడతల మధ్య సిమెంట్ గట్టిపడి రాయిలా ఉంది. గాలి బయటికి పోయే దారి లేక సైలోలో ఒత్తిడి పెరిగింది.

అసలు ఇది చేసే పనేంటి?

బల్కర్ గాలితో సిమెంట్‌ని పైకి తోస్తుంది. సిమెంట్ సైలోలో ఉండిపోవాలి, గాలి మాత్రం బయటికి పోవాలి. ఆ రెంటినీ విడదీసేదే ఫిల్టర్. కార్ట్రిడ్జ్ బయటివైపు దుమ్ము పేరుకుంటుంది. కంప్రెసర్ గాలి లోపలినుంచి ఠప్ ఠప్‌మని కొడితే ఆ దుమ్ము రాలి మళ్లీ సైలోలో పడుతుంది. వడపోసే ఆ గుడ్డనే మీడియా అంటారు. పేపరు, టీవీ మీడియా కాదు లెండి.

ఏ దుమ్ముకి ఏది?

సెల్యులోజ్ అంటే కాగితమే. చవక. పొడి దుమ్ముకి, పొడి ప్రాంతానికి సరిపోతుంది. తేమ తగిలితే ఉబ్బుతుంది, బలం పోతుంది. 80 శాతం సెల్యులోజ్‌లో 20 శాతం పాలిస్టర్ కలిపినవీ దొరుకుతాయి. కాస్త గట్టివే గానీ తేమ దగ్గర అవీ నమ్మకం కాదు.

స్పన్‌బాండ్ పాలిస్టర్ నీటిని పెద్దగా పీల్చదు. చేతికి గట్టిగా, దళసరిగా తగులుతుంది. వేడికి కూడా కాగితంకంటే బాగా తట్టుకుంటుంది. దాని మీద టెఫ్లాన్ లాంటి పీటీఎఫ్ఈ పొర అతికించినవి ఇంకా మేలు. దుమ్ము అంటుకోకుండా జారిపోతుంది. ధర ఎక్కువే. బ్రష్‌తో గీకితే ఆ పొర చెడుతుంది, జాగ్రత్త. సువైక్ లాంటి సముద్రపు ఊళ్లో సిమెంట్‌కి ఈ రెంటిలో ఒకటి ఉండాలని మాకు దెబ్బ తగిలాకే తెలిసింది.

వెల్డింగ్ పొగ చాలా సన్నం. దానికి నానోఫైబర్ పూత ఉన్నవి వాడతారు. కార్పెంటర్ షాపులో చెక్కపొడి నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. అక్కడ యాంటీ స్టాటిక్ మీడియా ఉండాలి, ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి.

ఇంకో మాట. మడతలు ఎక్కువుంటే మంచి ఫిల్టర్ అని అమ్మేవాళ్లు చెబుతారు. లెక్కకి వైశాల్యం పెరిగేది నిజమే. కానీ మడతలు మరీ దగ్గరగా ఉంటే సిమెంట్ మధ్యలో ఇరుక్కుని రాలదు. అప్పుడు ఆ వైశాల్యం ఉన్నా లేనట్టే.

మంచి ఫిల్టర్‌నీ చెడగొట్టేది కంప్రెసర్‌లో నీళ్లు. ట్యాంక్ కింది కాక్ రోజూ తిప్పి నీళ్లు వదలకపోతే ఆ తడి సరాసరి కార్ట్రిడ్జ్‌కి పోతుంది. మా దగ్గర ఈ తప్పు కూడా జరిగింది.

కళ్లే కాదు, ఊపిరి కూడా

సిమెంట్ కళ్లని, చర్మాన్ని కాలిస్తే ఇసుక, కంకర, గ్రానైట్, కాంక్రీట్ కోసినప్పుడు వచ్చే దుమ్ము ఊపిరితిత్తుల్ని తింటుంది. అందులోని సిలికా లోపల మచ్చలు పెడుతుంది. అదే సిలికోసిస్. ఆ మచ్చలు పోగొట్టే మందు లేదు. 1997లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ సిలికా దుమ్మును క్యాన్సర్ కారకంగా తేల్చింది. అమెరికాలో 2016 నియమం ప్రకారం 8 గంటల పనిలో సగటున ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాములు దాటకూడదు. కిచెన్ ప్లాట్‌ఫారాలకు వాడే కృత్రిమ రాయిని కోసేవాళ్లకు ఈ జబ్బు ఎక్కువగా వస్తోందని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ రాయినే నిషేధించింది.

మనకి ఇంకో దెబ్బ కూడా ఉంది. గల్ఫ్ మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఊపిరితిత్తుల్లో మచ్చ కనిపిస్తే అన్‌ఫిట్ అనే మాట రావచ్చు. ఊళ్లో అప్పు తీరకముందే వీసా దారి మూసుకుపోతుంది. కార్ట్రిడ్జ్ మీద మిగిల్చిన నాలుగు రియాళ్లు ఆ లెక్క ముందు ఎంత?

మరుసటి నెల కంపెనీకి పాలిస్టర్ కార్ట్రిడ్జ్‌లు కావాలని రాసిచ్చాను. ‘ఖర్చు ఎక్కువ’ అన్నారు. చెడిన సిమెంట్, ఆగిన పని, ఆసుపత్రి ఖర్చు పక్కపక్కనే రాసి చూపించాను. ఒప్పుకున్నారు. అన్నలూ, నోటితో వాదించేకంటే కాగితం మీద లెక్క చూపించండి. వింటారు.

సైట్‌లో చూసుకోండి

• కార్ట్రిడ్జ్ దింపుకునేటప్పుడు మీడియా పేరు డెలివరీ నోట్‌లో ఉందో లేదో చదవండి. లేకపోతే సంతకం పెట్టకండి.

• బల్కర్ పైపు కలపకముందే ఫిల్టర్, కంప్రెసర్ నడుస్తున్నాయా చూడండి. లోడ్ అయ్యాక కూడా కాసేపు నడవనివ్వండి.

• ఫిల్టర్‌కి ప్రెషర్ గేజ్ ఉంటే రోజూ రీడింగ్ రాసుకోండి. గాలి కొట్టాక కూడా ముల్లు దిగకపోతే మార్చే టైమొచ్చినట్టే.

• రిలీఫ్ వాల్వ్ చుట్టూ సిమెంట్ గడ్డకట్టకుండా చూడండి. లోడింగ్ అప్పుడు సైలో కింద ఎవర్నీ ఉండనివ్వకండి.

• ఫిల్టర్ ఎంత మంచిదైనా విప్పేటప్పుడు మాస్క్, కళ్లద్దాలు తప్పనిసరి. తలకు చుట్టిన తువ్వాలు మాస్క్ కాదు.

• కంట్లో సిమెంట్ పడితే రుద్దకండి. కనీసం 20 నిమిషాలు నీళ్లతో కడుగుతూ ఆసుపత్రికి వెళ్లండి.