కలపకుండా వదిలేస్తే పుట్టిన పోగులు

1862లో లండన్ హాస్పిటల్‌లో రసాయనశాస్త్రం చెప్పే హెన్రీ లెథెబీ, గంధకామ్లంలో కరిగించిన అనిలీన్‌లోకి కరెంటు పంపాడు. ప్లాటినం పలక మీద నీలీ పచ్చా కలిసిన ముదురు పూత కట్టింది. అప్పటికే అనిలీన్ అంటే రంగుల వ్యాపారులకు బంగారం. దాన్ని తొలిసారి రాబట్టింది నీలిమందు నుంచే. లెథెబీ చూసిన పూతలో అనిలీన్ అణువులు వరసగా గొలుసు కట్టాయని తేలడానికి చాలాకాలం పట్టింది. ఆ లోపు దాని తోబుట్టువు లాంటి పదార్థం బట్టలకు నల్లరంగై బతికేసింది.

ఈ పూత రాత మార్చింది వేరే ప్లాస్టిక్. 1977లో షిరకావా, మెక్‌డయార్మిడ్, హీగర్ కలిసి పాలీఎసిటిలీన్ పొరకు అయోడిన్ ఆవిరి పట్టించారు. వాహకత కోటి రెట్ల దాకా పెరిగింది. 2000లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. కానీ ఆ పొర గాలి తగిలితే పాడవుతుంది. అందుకే మెక్‌డయార్మిడ్ చూపు లెథెబీ చూసిన పాత పాలీఅనిలీన్ మీద పడింది.

ఇది గాలిని తట్టుకుంటుంది, చవక కూడా. పైగా దీని డోపింగ్ (బయటి పదార్థం చేర్చి వాహకత పెంచడం) తీరే వేరు. అయోడిన్ పాలీఎసిటిలీన్ నుంచి ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. ఇక్కడ ఎలక్ట్రాన్ల లెక్క మారదు. యాసిడ్ ఇచ్చే ప్రోటాన్లు గొలుసులోని నైట్రోజన్లలో సగానికి అతుక్కుంటే చాలు, నీలంగా ఉన్నది పచ్చబడుతుంది, వాహకత సుమారు వెయ్యికోట్ల రెట్లు పెరుగుతుంది. అమ్మోనియా తగిలిస్తే ప్రోటాన్లు ఊడిపోయి మళ్లీ నీలం. ఇంత పెరిగినా రాగి ముందు ఇది లక్ష రెట్లు వెనకే ఉంటుంది. కరెంటు తీగకు ఇది ప్రత్యామ్నాయం అని రాసేవాళ్ల మాట నమ్మనక్కర్లేదు.

అందరూ పాటించిన తయారీ పద్ధతి ఒకటుంది. యాసిడ్‌లో అనిలీన్ వేసి, మంచులో చల్లగా ఉంచి, అమ్మోనియం పెరాక్సీడైసల్ఫేట్ ద్రావణాన్ని చుక్కచుక్కగా పోస్తూ ఆపకుండా కలియబెట్టడం. చివరికి చేతికొచ్చేది గరుకు గుళికల పొడి. పోగులు కావాలంటే సన్నని రంధ్రాల అచ్చుల్లో పెంచాలి, లేదా మరో పాలిమర్‌తో కలిపి వేల వోల్టుల కింద సన్నటి ధారగా లాగాలి. మొదటి దారిలో అచ్చును మళ్లీ కరిగించి తీసెయ్యాలి. రెండో దారిలో కలిపిన పాలిమర్ విద్యుత్తుకు అడ్డం.

2003లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జియాషింగ్ హువాంగ్, రిచర్డ్ కేనర్ ఇవేవీ చెయ్యలేదు. కేనర్ మెక్‌డయార్మిడ్ శిష్యుడే. నీటితో కలవని ద్రావకంలో అనిలీన్, దాని మీదో కిందో యాసిడ్ నీళ్లలో పెరాక్సీడైసల్ఫేట్. రెండు పొరలూ తాకే చోట కొద్ది నిమిషాల్లో పచ్చదనం మొదలై నీళ్ల పొరంతా పాకుతుంది. వడగట్టి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పెడితే అన్నీ పోగులే. హైడ్రోక్లోరిక్ యాసిడ్ వాడితే మందం సుమారు 30 నానోమీటర్లు. పెర్క్లోరిక్ యాసిడ్ వాడితే 120 దాకా పోతుంది.

అసలు సంగతి తర్వాత బయటపడింది. పాలీఅనిలీన్ మొదట పుట్టేదే పోగుగా. చుక్కచుక్కగా పోస్తుంటే కొత్త పదార్థం ఆ పోగుల మీదే పేరుకుంటుంది, కలియబెట్టడం వాటిని ఒకదానికొకటి అంటిస్తుంది. పొయ్యి మీద తిప్పుతూనే ఉంటే సేమ్యా ముద్దయినట్టు. పొరల పద్ధతిలో పుట్టిన పోగు నీళ్లలోకి తప్పుకుంటుంది కనుక బతికిపోతుంది. 2004లో వాళ్లు పొరలు కూడా మానేసి రెండు ద్రావణాలనూ ఒక్కసారిగా కలిపి, ఒక్క కుదుపు కుదిపి వదిలేశారు. ఆక్సీకరణి అయిన పెరాక్సీడైసల్ఫేట్ వెంటనే ఖర్చయిపోతుంది, పేరుకోవడానికి ఏమీ మిగలదు. మళ్లీ పోగులే. ఇన్నేళ్లూ ఓపికగా చేసిన పనే పోగును చెరిపేసిందన్నమాట.

పోగు దొరికాక పరీక్షలు. అతినీల, దృశ్య కాంతుల శోషణ చూస్తే డోపింగ్ సంగతి తెలుస్తుంది: డోప్ అయినది 800 నానోమీటర్ల దగ్గర కాంతిని మింగుతుంది, కానిది 600 దాటాక. వాహకతకు పొడిని బిళ్లగా నొక్కి నాలుగు సూదులు ఆనిస్తారు. బయటి రెండింటితో కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. సూది ఆనిన చోటి నిరోధం లెక్కలోకి రాకుండా ఈ ఏర్పాటు. ఆ అంకె బిళ్లది, ఒంటి పోగుది కాదు. పోగుకీ పోగుకీ మధ్య దూకలేక ఆగే కరెంటు కూడా అందులో ఉంది. నైట్రోజన్ వాయువును ఉపరితలానికి పట్టించి కొలిస్తే ఒక గ్రాముకు సుమారు 50 చదరపు మీటర్ల వైశాల్యం వస్తుంది.

ఆ వైశాల్యమే దీని బలం. యాసిడ్ ఆవిరి గానీ అమ్మోనియా గానీ సన్నని పోగులోకి చప్పున దూరుతుంది కాబట్టి, మామూలు పొర కంటే వేగంగా నిరోధం మారుతుంది. మరో వింత: హువాంగ్ ఈ పోగులను ఫ్లాష్ వేసి ఫోటో తీస్తుంటే టప్‌మని శబ్దం వచ్చింది. కాంతిని వేడిగా మార్చుకుని పోగులు క్షణంలో అతుక్కుపోయాయి. దానితో ఒకవైపు మాత్రమే అతికిన పొర తయారుచేశారు. యాసిడ్‌లో వేస్తే అది వంకర తిరుగుతుంది.

వాయువులను పసిగట్టే పనిలో చిక్కు గాలిలోని తేమ. అది కూడా నిరోధాన్ని మార్చేస్తుంది. ప్రయోగశాలలో ఎండు గాలిలో చక్కగా పనిచేసిన పరికరం, వానాకాలంలో అమ్మోనియాకీ చెమ్మకీ తేడా చెప్పడానికి తడబడుతుంది.