కాలేయమున జన్యునియమనము – కొడవలికణవ్యాధి

మానవదేహమందలి కణములన్నియు ఒక్క ఫలదీకృతాండమునుండి విభజనముచే పుట్టినవి. కావున కాలేయకణమునందును మెదడుకణమునందును గల జన్యుసంపద ఒక్కటియే. అట్లయినచో రక్తమునకు వలసిన ఆల్బుమినును కాలేయమే యేల తయారుచేయుచున్నది?

పెద్దబాలశిక్ష ప్రతి తరగతిలోను ఉండవచ్చును. ఏనాడు ఏ పాఠము తెరువవలెనో నిర్ణయించువాడు ఉపాధ్యాయుడు. కణమునందు అట్టి పని చేయు ప్రోటీనులకు ప్రతిలేఖనకారకములని పేరు. ఇవి డి.ఎన్.ఏ.పై తమకు తగిన చోటులను గుర్తించి, అంటుకొని, జన్యువునకు ఆర్.ఎన్.ఏ. రూపమున ప్రతి తయారగుటకు తోడ్పడును, లేదా అడ్డుపడును.

మానవపిండమున నాలుగవ వారమునాటికి జీర్ణనాళపు ముందుభాగమునుండి కాలేయము మొలకెత్తును. ఎలుకపిండములపై జరిగిన పరిశోధనలవలన ఇందలి క్రమము తెలియవచ్చినది. ఫాక్స్-ఏ, గాటా-4 అను కారకములు ముందుగా చేరి, గట్టిగా చుట్టుకొనియున్న డి.ఎన్.ఏ.ను సడలించును. సమీపమందలి హృదయాంకురమునుండి సంకేతములు అందిన పిమ్మట కాలేయజన్యువులు మేల్కొనును. తరువాత హెచ్.ఎన్.ఎఫ్.-4 ఆల్ఫా మొదలగునవి ఆ కణములకు పరిపక్వత నొసగును. ఏ ఒక్క కారకమును ఒంటరిగా ఈ కార్యము సాధింపజాలదు.

గర్భమందు కాలేయమునకు మరియొక పని కలదు. ఎముకల మూలుగ సిద్ధమగువరకు కొన్ని నెలలపాటు రక్తకణములు పుట్టు ప్రధానస్థానము అదియే. అచట పుట్టిన ఎఱ్ఱకణములలో గామా గొలుసులుగల శిశుహీమోగ్లోబిను ఉండును. జననము సమీపించినది మొదలు గామా తగ్గి, బీటా గొలుసు దాని స్థానము నాక్రమించును. ఈ మార్పునకు ముఖ్యకారణము బి.సి.ఎల్.-11ఏ అను కారకము. ఇది పిండదశలో స్వల్పము. పిదప ప్రబలమై గామా జన్యువును అణచివేయును. ఈ రహస్యము 2008లో వెల్లడియైనది.

ఇది మనకు దూరపుమాట కాదు. సిరొంచ మొదలుకొని గడ్చిరోలి జిల్లాయంతటను, గోండు, మాడియా మున్నగు ఆదివాసి కుటుంబములలోను ఇతరులలోను, సికిల్ సెల్ అని ఆస్పత్రులలో వ్యవహరింపబడు కొడవలికణవ్యాధి కానవచ్చుచున్నది. బీటా జన్యువునందలి ఒక్క అక్షరదోషమువలన గొలుసున ఆరవ స్థానమందు గ్లూటమిక్ ఆమ్లమునకు బదులు వాలీను చేరును. ప్రాణవాయువు తగ్గినప్పుడు ఎఱ్ఱకణములు కొడవలివలె వంగి, సన్నని నాళములను అడ్డగించి, తీవ్రమైన నొప్పులను కలిగించును. శిశుహీమోగ్లోబిను నిలిచియుండు తొలినెలలలో బిడ్డ ఆరోగ్యవంతముగా కనబడును; అది తరిగిన కొలది వ్యాధి బయటపడును.

కనుక అణచబడిన గామా జన్యువును మరల తెరచిన వ్యాధి శమింపదా? ఈ యూహయే ఫలించినది. రోగి మూలకణములను వెలుపలికి తీసి, ఎఱ్ఱకణములలో బి.సి.ఎల్.-11ఏను పురికొల్పు డి.ఎన్.ఏ. భాగమును కత్తిరించి, తిరిగి ఎక్కించు చికిత్సకు 2023లో బ్రిటనును అమెరికాయును అనుమతి నిచ్చినవి. అమెరికాలో దాని వెల 22 లక్షల డాలర్లు! మన పల్లెలకు అది అందని ఫలము. అందునది హైడ్రాక్సీయూరియా మాత్ర. అదియును శిశుహీమోగ్లోబినును కొంత పెంచును. దానిని వైద్యుల పర్యవేక్షణమున వాడవలెను.

2047నాటికి ఈ వ్యాధిని నిర్మూలింపవలెనని భారతప్రభుత్వము 2023లో జాతీయోద్యమము నారంభించినది. తల్లిదండ్రు లిరువురును వాహకులైనచో ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి సోకు అవకాశము నాల్గింట నొకటి. వివాహమునకు పూర్వమే రక్తపరీక్ష చేయించుకొనుట ఉత్తమము. వాహకుడు రోగి కాడు; అతనిని తక్కువగా చూచుట అజ్ఞానము. ఈ సంగతిని మరాఠీ, గోండీ, తెలుగు భాషలు కలిసి వినబడు మన సరిహద్దు బడులలో, పిల్లల యింటి భాషలోనే బోధించుట ఉపాధ్యాయుల కర్తవ్యము.