ఫోను మూగపోతే ముందు చూడవలసిన చోటు

చేతిలో సెల్‌ఫోను ఉండగా ఇంట్లో ఇంకా ఆ తీగ ఫోను ఎందుకని మన పిల్లలు అడుగుతూంటారు. పెద్దవాళ్ళున్న ఇంట్లో రెండు రోజులుంటే జవాబు దొరుకుతుంది. సెల్‌ఫోనుకు చార్జింగు పెట్టడం వాళ్ళు మరిచిపోతారు. దిండు కింద పెట్టి ఇల్లంతా వెతుక్కుంటారు. తీగ ఫోను ఉన్నచోటే ఉంటుంది. మోగితే ఇల్లంతా వినబడుతుంది, ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంటే చాలు. బరంపురం వంటి ఊళ్ళలో తరాలుగా స్థిరపడిన మన కుటుంబాల్లో పిల్లలు ఉద్యోగాల మీద తలో ఊరూ వెళ్ళిపోగా, పాత ఇళ్ళలో పెద్దవాళ్ళే మిగిలారు. అలాంటి ఇళ్ళను దృష్టిలో పెట్టుకుని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను ఇంజనీరును కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. అయితే టెలిఫోను వైరింగు తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఉన్నవి రెండే తీగలు. ఎక్స్ఛేంజీ నుంచి భూమిలో వచ్చే లావుపాటి కేబులులో వందలాది జతలుంటాయి. వాటిలో ఒక జత మన వీధి స్తంభం మీది డి.పి. పెట్టెకు చేరి, అక్కడినుంచి గాలిలో వేలాడే వైరుగా మన గోడ దాకా వస్తుంది. లోపల అది ముగిసే చిన్న తెల్ల డబ్బానే లైన్‌మన్లు రోజెట్టు అంటారు. మెయిన్ సాకెట్టు అదే.

ఫోను పెట్టేసి ఉన్నప్పుడు ఆ రెండు తీగల మధ్య సుమారు 48 వోల్టుల డి.సి. కరెంటు ఉంటుంది. అది ఎక్స్ఛేంజీలోని బ్యాటరీల నుంచి వచ్చేది. అందుకే ఇంట్లో దీపాలు ఆరిపోయినా మామూలు ఫోను పనిచేస్తుంది. గంట మోగేటప్పుడు మాత్రం అదనంగా సుమారు 75 వోల్టుల ఏ.సి. వస్తుంది. ఆ సమయంలో తీగ ముట్టుకుంటే చెయ్యి ఝల్లుమంటుంది.

మెయిన్ సాకెట్టు విలువ నాకు బాగా తెలిసింది మా అమ్మ వల్ల. ఆమెకు ఎనభై దాటాయి. బరంపురంలో ఒక్కర్తీ ఉండేది, నేను వేరే ఊళ్ళో బ్రాంచిలో ఉండేవాణ్ణి. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోను చేసుకునేవాళ్ళం. ఒక వానాకాలం రెండు రాత్రులు వరుసగా గంట మోగుతున్నట్టే నాకు వినబడింది, అమ్మ ఎత్తలేదు. పక్కింటివారిని పంపితే, "నేను బాగానే ఉన్నాను, ఫోనే చచ్చిపోయిందని మావాడికి చెప్పమ్మా" అందట. ఆ రెండు రాత్రులూ నాకు నిద్ర లేదు.

శనివారం వెళ్ళాను. లైన్‌మన్ అప్పటికే వచ్చి, స్తంభం దగ్గర లైను బాగానే ఉందని చెప్పి వెళ్ళాడు. ఇంట్లో మూడు గదులకు మూడు వైర్లు ఉన్నాయి. బ్రాంచిలో బ్యాలెన్సు కుదరకపోతే లెడ్జర్లన్నీ ఒక్కసారే తిరగెయ్యం. ఒక్కొక్కటి విడదీసి, తేడా ఎందులో ఉందో చూస్తాం. ఇక్కడా అదే పని చేశాను. మెయిన్ సాకెట్టు మూత తీసి లోపలి గదుల వైర్లన్నీ విప్పేసి, ఒక్క ఫోనును నేరుగా అక్కడే తగిలించాను. డయల్ టోను వచ్చింది. ఒక్కొక్క వైరూ మళ్ళీ బిగిస్తూ పోతే, పడకగది వైరు తగిలించగానే లైను మూగపోయింది. కిటికీ కింద చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులోకి నీరు దిగి, రాగి పచ్చగా చిలుమెక్కి ఉంది. సముద్రపు గాలి తగిలే మా ప్రాంతంలో ఇలాంటి అతుకు ఎక్కువ కాలం నిలవదు.

ఈ పరీక్ష ఎవరైనా చేయవచ్చు. మెయిన్ సాకెట్టు దగ్గర టోను వస్తే లోపం ఇంట్లో ఉన్నట్టు, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. మంచి ఫోను తగిలించినా టోను రాకపోతే లోపం బయటిది, ఫిర్యాదు నమోదు చేయించాలి.

కొత్తగా వైరింగు చేయించేవారు ఈ సంగతులు గుర్తుంచుకోవాలి. బయటి వైరు అతుకు లేకుండా నేరుగా మెయిన్ సాకెట్టుకు రావాలి. గోడకు వేసే రంధ్రం బయటివైపు పల్లంగా ఉండాలి. లోపలికి వచ్చే ముందు వైరును కాస్త కిందికి వంపు తిప్పితే వాననీరు అక్కడే కారిపోతుంది. రెండు తీగలనూ స్క్రూల కింద గట్టిగా బిగించాలి. ఫోను జాక్‌లో పనిచేసేవి మధ్యనున్న రెండు పిన్నులే. ఈ కాలపు ఫోన్లు చాలావాటికి తీగలు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. మిగతా గదుల వైర్లన్నీ ఈ డబ్బా నుంచే విడివిడిగా బయలుదేరాలి. ఒక గది నుంచి ఇంకో గదికి గొలుసుకట్టుగా లాగితే లోపం పట్టుకోవడం కష్టం. ఫోన్లు మరీ ఎక్కువైతే గంట శబ్దం నీరసిస్తుంది. ఇక కరెంటు వైర్లున్న పైపులో టెలిఫోను వైరు ఎప్పుడూ వెయ్యకూడదు. పిడుగులు పడే వేళ, తడి చేతులతో, ఆ డబ్బా జోలికి పోవద్దు.

ఆ తీగల మీదే బ్రాడ్‌బ్యాండు ఉంటే స్ప్లిట్టరును మెయిన్ సాకెట్టు దగ్గరే పెట్టించాలి. మాట తక్కువ పౌనఃపున్యం మీద, ఇంటర్నెట్ ఎక్కువ పౌనఃపున్యం మీద నడుస్తాయి. స్ప్లిట్టరు ఆ రెంటినీ విడదీస్తుంది. అది లేకుండా లోపల ఫోను తగిలిస్తే మాటలో గరగర, ఇంటర్నెట్టుకు అంతరాయం.

ఇప్పుడు చాలాచోట్ల రాగి తీగల స్థానంలో ఫైబరు వస్తోంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. ఫైబరు పెట్టెకున్న ఫోను రంధ్రం నుంచి పాత గదుల వైరింగుకు లైను ఇవ్వవచ్చు. అయితే ముందుగా మెయిన్ సాకెట్టులో పాత బయటి వైరును విప్పి తీరాలి. లేకపోతే రెండువైపుల కరెంటూ కలిసి కొత్త పెట్టె పాడవుతుంది. రెండవది, ఫైబరులో వచ్చేది వెలుతురే గాని కరెంటు కాదు. ఇంట్లో కరెంటు పోతే ఆ పెట్టె ఆగుతుంది, దానితోపాటు ఫోనూ ఆగుతుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటాక మా వైపు రోజుల తరబడి కరెంటు లేకపోవడం చూసినవాళ్ళం మనం. కాబట్టి ఆ పెట్టెకు సరిపడే చిన్న యు.పి.ఎస్. ఒకటి పెట్టించండి. కొన్ని గంటలైనా లైను నిలుస్తుంది.

ఈసారి సెలవుకు అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళినప్పుడు మెయిన్ సాకెట్టు ఎక్కడుందో వెతకండి. బీరువా వెనక ఉంటే బీరువాను జరపండి. ఒక ఫోనును అక్కడ తగిలించి చూడండి. ఫిర్యాదు నంబరు, పక్కింటివారి నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఆ డబ్బా పక్కనే అంటించండి. అరగంట పని. మీరు దూరంగా ఉన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది.