కరువులో అడిగే ఓటు

2003 వేసవిలో మహబూబ్‌నగర్ నుంచి ముంబైకి వారానికి 34 ఆర్టీసీ బస్సులు నడిచాయి. పదేళ్ల ముందు నడిచింది ఒక్కటే. పాత్రికేయుడు పి.సాయినాథ్ రాసిన లెక్క ఇది. కరువు తీవ్రత తెలుసుకోవడానికి వర్షపాతం పట్టికలకన్నా ఈ బస్సుల లెక్కే నికరమని నాకనిపిస్తుంది. ముసలివాళ్లను ఊళ్లో వదిలి, మూటాముల్లె నెత్తిన పెట్టుకుని బస్సెక్కిన మనిషి ఏడాది తిరిగేసరికి ఓటరుగా మళ్లీ ఊరికి రావాలి. అతన్ని ఓటడగాల్సింది అప్పటికి ఎనిమిదేళ్లుగా ముఖ్యమంత్రిగా ఉన్న చంద్రబాబు నాయుడు.

కాలం బాగున్నప్పుడు అధికార పార్టీ ఓటడగడం పెద్ద విద్యేమీ కాదు. వాన పడితే ఆ ఘనతా తనదేనంటుంది. వాన పడనప్పుడు ఏం మాట్లాడాలన్నదే అసలు పరీక్ష. 2004లో ఒకసారి, 2009లో ఒకసారి ఆంధ్రప్రదేశ్ ఈ పరీక్ష పెట్టింది. ఒకరు తప్పారు, ఒకరు గట్టెక్కారు.

చంద్రబాబు చేతిలో చెప్పుకోవడానికి పనులు లేక కాదు. సైబర్ టవర్స్ ఉంది. రైతుబజార్లున్నాయి, డ్వాక్రా సంఘాలున్నాయి. 2000లో క్లింటన్ హైదరాబాద్ వచ్చి వెళ్లారు. ఈసేవ కేంద్రంలో కరెంటు బిల్లు కట్టడం నిమిషం పనైంది. చిక్కంతా అక్కడే ఉంది. బిల్లు కట్టే క్యూ తగ్గించానని ప్రభుత్వం చెబుతోంది. రైతు అడుగుతున్నది బిల్లు తగ్గించమని. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద జరిగిన ఆందోళనపై పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. ఆ తర్వాత కరెంటన్నది లెక్కల వ్యవహారంగా మిగల్లేదు. ఉచిత కరెంటిస్తే తీగల మీద బట్టలారేసుకోవాల్సిందేనన్న మాట ఒకటి ఆయన పేరుమీద ఊరూరా తిరిగింది. ఎవరు ఎక్కడ ఎలా అన్నారన్నది పక్కన పెడదాం. నడిరాత్రి త్రీఫేజ్ కరెంటొచ్చిందని టార్చిలైటు పట్టుకుని, పాముల భయంతో గట్ల వెంట నడిచి, స్టార్టర్ నొక్కి, మోటారు కాలిపోతే అక్కడే చతికిలబడే మనిషికి ఆ మాట ఎలా వినబడి ఉంటుందన్నదే లెక్క.

2003 అక్టోబర్ 1న అలిపిరిలో నక్సలైట్ల మందుపాతర నుంచి చంద్రబాబు ప్రాణాలతో బయటపడ్డారు. నవంబరులో అసెంబ్లీని రద్దు చేశారు. వెంటనే ఎన్నికలు వస్తాయనుకున్నారు, ఏప్రిల్ దాకా రాలేదు. ఐదు నెలలంటే సానుభూతి చల్లారడానికి చాలు, బావులు అడుగంటడానికీ చాలు. ఢిల్లీలో ఆయన మిత్రపక్షం అప్పటికే ‘భారత్ వెలిగిపోతోంది’ అంటూ పత్రికల నిండా ప్రకటనలిస్తోంది. అందుకు కాంగ్రెస్ వేసిన ఎదురు ప్రశ్న ఒక్కటే: సామాన్యుడికేం దక్కింది? ప్రకటనల ఖర్చంతా ఆ ఒక్క ప్రశ్న ముందు తేలిపోయింది.

ప్రతిపక్షంలో ఉన్న వై.ఎస్.రాజశేఖరరెడ్డి 2003 ఏప్రిల్ 9న చేవెళ్లలో నడక మొదలుపెట్టి, రోహిణి కార్తె ఎండల మీదుగా జూన్‌లో ఇచ్ఛాపురం చేరారు. 1,400 కిలోమీటర్లకు పైమాటే. ఆ యాత్రలో ఉపన్యాసాలకన్నా మడమల బొబ్బలే ఎక్కువ ఓట్లు తెచ్చాయని అప్పట్లో అనుకునేవారు. నేనైతే దానికి ఇంకొకటి చేరుస్తాను. ఆయన జనానికి తమ కష్టాన్నే తిరిగి వినిపించారు. 2004 మేలో ఫలితం వచ్చింది. 294లో కాంగ్రెస్‌కు 185, 1999లో 180 తెచ్చుకున్న తెలుగుదేశానికి 47. ఎల్బీ స్టేడియంలో ప్రమాణం చేసిన వేదిక మీదే ఉచిత విద్యుత్ ఫైలుపై తొలి సంతకం పడింది.

కథ ఇక్కడ ఆగిపోతే అది ప్రతిపక్షం గెలిచిన కథే అవుతుంది. ఐదేళ్లు తిరిగేసరికి కుర్చీలో ఉన్నవాడు మారాడు, కాలం మళ్లీ బాగోలేదు. 2008 చివర అమెరికా మాంద్యం మాదాపూర్ దాకా వచ్చింది. ఉద్యోగాలు ఊడాయి, ప్లాట్ల బేరాలు నిలిచిపోయాయి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కలన్నీ కాకిలెక్కలని దాని అధిపతే లేఖ రాసి ఒప్పుకున్నారు. ఎదురుగా తెలుగుదేశం, టీఆర్ఎస్, వామపక్షాల మహాకూటమి. పక్కన చిరంజీవి ప్రజారాజ్యం. కూటమి నగదు బదిలీ అంది, కలర్ టీవీ అంది.

ఈ వేలంపాటలో వైఎస్ పాట పెంచుకుంటూ పోలేదు. కొత్తగా చెప్పినవి ప్రధానంగా రెండే. ఏడు గంటల ఉచిత కరెంటు తొమ్మిది గంటలకు, రెండు రూపాయల బియ్యం కోటా కుటుంబానికి 20 నుంచి 30 కిలోలకు. మిగతా ఉపన్యాసమంతా అప్పటికే ఇళ్లలోకి వచ్చినవాటి గురించే. సభల్లో ఆయన 108 అంబులెన్సు సైరన్‌ను అనుకరించేవారు. ఫోన్ చేస్తే చాలు, కుయ్ కుయ్ కుయ్ మంటూ వచ్చేస్తుందనేవారు. తెల్ల పంచె కట్టుకున్న ముఖ్యమంత్రి మైకు ముందు అలా కూస్తుంటే జనం విరగబడి నవ్వేవారు. వ్యూహమంతా ఆ కూతలోనే ఉందని నా లెక్క. అన్ని అంబులెన్సులు కొన్నాం, ఇన్ని కోట్లు పెట్టాం అనలేదు. వినేవాడి చెవిలో ఇదివరకే ఉన్న చప్పుడునే మళ్లీ మోగించారు. కోడలి పురిటినొప్పులు, మామ గుండెనొప్పి, తెల్లవారుజామున వీధి చివర ఆగిన తెల్లబండి, ఆ చప్పుడుతోపాటు ఇవన్నీ గుర్తుకొస్తాయి. ఆ బండ్లు నడిపే సంస్థను పెట్టింది సత్యం అధిపతే. కంపెనీ కుప్పకూలినా బండి ఆగలేదు. ఓటరుకు కావలసింది అదే.

ఆరోగ్యశ్రీ సంగతీ అంతే. 2007 ఏప్రిల్ 1న మొదట అమలైన మూడు జిల్లాల్లో ముంబై బస్సులెక్కిన పాలమూరు ఒకటి, మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. ఖజానా సొమ్ము కార్పొరేట్ ఆస్పత్రులకు పోతోందన్న విమర్శ అప్పుడూ ఉంది, అందులో పస కూడా ఉంది. అయితే తెల్లకార్డు పట్టుకుని వెళ్లి, గుండె కోయించుకుని, సొంత కాళ్ల మీద ఇంటికొచ్చిన మనిషి ఊరికొకరుంటే ఆ విమర్శ రచ్చబండ దగ్గర నిలవదు. ఆపైన వైఎస్ ప్రతి సభలోనూ చంద్రబాబు తొమ్మిదేళ్ల పాలనను తవ్వేవారు. ఇప్పుడు బాగుందా అని అడిగితే జనం చెప్పే జవాబు ప్రమాదం. ఆ రోజులు మళ్లీ కావాలా అన్నది క్షేమకరమైన ప్రశ్న.

మూడేళ్ల తర్వాత బరాక్ ఒబామా చేసిందీ ఇదే. 2012 వేసవిలో అమెరికాలో నిరుద్యోగం ఎనిమిది శాతం పైనే ఉంది. జూన్ 8న విలేకరుల ముందు ఆయన నోరుజారి, ప్రైవేటు రంగం బాగానే ఉందనేశారు. ‘వెలిగిపోతోంది’కి అమెరికా అనువాదమన్నమాట! ప్రత్యర్థి మిట్ రామ్నీ దాన్ని పట్టుకున్నారు, ఒబామా అదే రోజు సర్దుకోవాల్సి వచ్చింది. ఆ పొరపాటు మినహా ప్రచారం ఆర్థిక వ్యవస్థను పొగిడే పని పెట్టుకోలేదు. రామ్నీ నడిపిన బెయిన్ క్యాపిటల్ కొన్న ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు పోయినవాళ్లను వేసవి నుంచే టీవీల్లో చూపించింది. ‘బిన్ లాడెన్ చనిపోయాడు, జనరల్ మోటార్స్ బతికే ఉంది’ అన్న జో బైడెన్ మాట ఒహాయో కారు కార్మికుడికి ఇంకే వివరణా అక్కర్లేని సంగతి. ఓటేసి బయటికొచ్చినవాళ్లను అడిగితే ఆర్థిక కష్టాలకు బాధ్యుడు పాత అధ్యక్షుడు బుష్షేనని సగం మందికి పైగా చెప్పారు. నాలుగేళ్లు పాలించాక కూడా ఆ మాట చెప్పించగలగడం మామూలు పనితనం కాదు. అందులో కొంత గడుసుదనమూ ఉంది.

మాటకు మరీ ఎక్కువ మహిమ అంటగట్టనూ కూడదు. 2009లో ప్రజారాజ్యం 16 శాతానికి పైగా ఓట్లు తీసుకుంది. ఆ ఓట్లన్నీ ఒకవైపు పడి ఉంటే సైరన్ కూతల గురించి ఈరోజు ఎవరూ రాసేవారు కాదేమో. సంక్షేమాన్ని నమ్ముకుని గెలవొచ్చన్న పాఠాన్ని తర్వాత వచ్చిన ప్రభుత్వాలన్నీ వల్లె వేశాయి, వాటిలో ఓడినవీ ఉన్నాయి.

మే 16న లెక్కింపు పూర్తయ్యేసరికి కాంగ్రెస్‌కు 156 సీట్లు వచ్చాయి. ఐదేళ్ల కిందటికన్నా 29 తక్కువ, మెజారిటీకి కావలసిన 148 కన్నా ఎనిమిది ఎక్కువ. గాంధీభవన్ బయట బాణసంచా మోగుతుంటే, గెలిచిన ముఖ్యమంత్రి మాత్రం జనం తమకు పాస్ మార్కులే వేశారన్నారు.