పీత డెక్క పట్టు: బందరు, గుడివాడ, దివిసీమ మట్టి విశేషాలు

అరటికాయను ఇనప కత్తిపీట మీద తరిగితే కాయ ముక్కలు, వేళ్లు, కత్తి అంచు అన్నీ నల్లబడతాయి. అది మురికి కాదు. కాయలోని వగరు కత్తిలోని ఇనుమును కాస్త కరిగించి, కరిగినదాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టుకే నలుపు రంగు.

బందరు పక్కనున్న పెడనలో కలంకారీ నలుపు పుట్టేదీ ఇలాగే. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. బెల్లం పులిసి పుల్లటి ఆమ్లంగా మారి ఇనుమును నీళ్లలోకి దించుతుంది. ఆ నీళ్ల పేరు కసిమి. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన గుడ్డ లేత పసుపుగా ఉంటుంది. కసిమిలో అద్దిన చెక్క అచ్చును దాని మీద వేసి, పక్కనే నిలబడి చూడండి. మొదట మచ్చ లేతగా కనిపిస్తుంది. గాలి తగిలే కొద్దీ ముదిరి కాటుక నలుపవుతుంది. తర్వాత ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ నలుపు పోదు.

ఇనుము బదులు పటిక అద్ది, చిరువేరుతో ఉడికిస్తే అదే గుడ్డ ఎర్రబడుతుంది. గుడ్డ ఒకటే, లోహమూ దాన్ని పట్టేదీ మారితే రంగు మారుతుంది. ఇంత రసాయన శాస్త్రాన్ని ఏ ప్రయోగశాలా లేకుండా చేతుల్లో పెట్టుకున్న అద్దకం వాళ్లంటే నాకు ఎనలేని గౌరవం.

యూరప్‌లో శతాబ్దాలపాటు రాతకు వాడిన సిరా కూడా వగరూ ఇనుమూ కలిసిందే. మ్యూజియాల్లోని పాత అద్దకం బట్టల్లో ముందుగా చివికిపోయేది నల్ల గీతలే. ఇనుము మెల్లగా నూలును తినేస్తుంది.

ఇక పొలంలోకి దిగుదాం. కోత మోళ్లు, జీలుగ, జనుము, పిల్లిపెసర మట్టిలో కుళ్లగా మిగిలే నల్లటి సారంలో హ్యూమిక్, ఫల్విక్ ఆమ్లాలుంటాయి. జర్మనీకి చెందిన అకార్డ్ 1786లోనే కుళ్లిన మొక్కల మట్టి నుంచి హ్యూమిక్ పదార్థాన్ని వేరుచేశాడు. ఈ ఆమ్లాలు లోహాన్ని రెండు మూడు వైపుల నుంచి ఒకేసారి పట్టుకుంటాయి. అలాంటి పట్టుకు 1920లో ఇంగ్లీషు రసాయన శాస్త్రజ్ఞులు ‘కీలేట్’ అని పేరు పెట్టారు. గ్రీకులో ఆ మాటకు మూలం పీత డెక్క. నాగాయలంక రేవులో మండ్రపీత డెక్కకు వేలు చిక్కినవాళ్లకు దీన్ని వేరే వివరించక్కర్లేదు.

ఈ పట్టు మన కృష్ణా డెల్టాకు మరీ అవసరం. ఇక్కడి నల్లరేగళ్లలో సున్నం పాలు ఎక్కువ. అలాంటి నేలలో ఇనుము, జింకు ఉన్నా కరగవు, అంటే వేరుకు అందవు. కుళ్లిన రొట్టలోని ఆమ్లాలు వాటిని కరిగినట్టే పట్టి ఉంచి వేరు దాకా చేరుస్తాయి. వరిలో జింకు లోపాన్ని 1966లో పంత్‌నగర్‌లో నెనె అనే శాస్త్రవేత్త తేల్చి చెప్పారు. లేత ఆకుల నడి ఈనె మొదట్లో పాలిపోతుంది, తర్వాత తుప్పు రంగు మచ్చలు వస్తాయి. అందుకే ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయమంటారు. దాన్ని భాస్వరం ఎరువుతో కలిపి వేస్తే లాభం లేదు, రెండూ ఒకదాన్నొకటి బంధించుకుంటాయి. గడ్డి తగలబెట్టిన చేను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. జింకు సంచి కొని తెచ్చి, దాన్ని పట్టి ఉంచేదాన్ని నిప్పుకు ఇచ్చేస్తున్నాం.

పచ్చిరొట్ట కలియదున్నిన మర్నాడే నాట్లు వేయరు, మగ్గనిస్తారు. నీటి కింద రొట్ట మురిగే తొలిరోజుల్లో పుట్టే ఆమ్లాలు లేత వేళ్లను దెబ్బతీస్తాయి.

నీరు నిలిచిన చేలో నాలుగు వారాల వరి దుబ్బును పెకలించి వేళ్లు కడిగి చూడండి. ఇటుక రంగు పూత కనిపిస్తుంది. ఆరిన నేలలో కరగని ఇనుము గాలి ఆడని బురదలో మాత్రం కరిగి తిరుగుతూ ఉంటుంది. వరి ఆకుల నుంచి కిందికి దించుకున్న ప్రాణవాయువును వేళ్లు బయటికి వదలగానే ఆ ఇనుము అక్కడే తుప్పుగా పేరుకుంటుంది.

వంటింట్లో చింతపండు ఇత్తడి బిందెను మెరిపించేదీ ఆమ్లం పట్టుతోనే. పులుసు కాచే ఇత్తడి గిన్నెకు కళాయి పూయించేది ఆ పట్టుకు భయపడే.

లోహాలన్నిటినీ కుళ్లిన సారంలోని ఆమ్లాలు ఒకేలా పట్టవు. జింకు కంటే రాగిని చాలా గట్టిగా పడతాయి. ఈ వరుసను 1953లో ఇర్వింగ్, విలియమ్స్ నిర్ధారించారు. గుడివాడ, కైకలూరు వైపు చేపల చెరువులకు ఇది పనికొచ్చే సంగతి. నాచు కోసం మైలుతుత్తం వేస్తే, కుళ్లిన సారం కరిగిన గోధుమ రంగు నీటిలో రాగి బందీ అవుతుంది, చేప మొప్పల మీద దాని విషం తగ్గుతుంది. తేటనీటిలో అదే మోతాదు ఎక్కువ ప్రమాదం. అమెరికా పర్యావరణ సంస్థ 2007లో రాగి పరిమితులు లెక్కగట్టేటప్పుడు నీటిలో కరిగిన సేంద్రియ కర్బనాన్ని కూడా చేర్చుకుంది.

చివరికి కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి. నదులు తమలో కరిగిన ఇనుమును సముద్రం దాకా తెచ్చేది చాలావరకు ఈ ఆమ్లాల చేతుల్లోనే. ఉప్పునీరు తగలగానే ఆమ్లమూ ఇనుమూ కలిసి, విరిగిన పాలలా పలుకులు పలుకులుగా గడ్డకట్టి అడుగుకు దిగిపోతాయి. ఆ ఇనుములో ఎక్కువ భాగం నడిసంద్రం చూడకుండా మొగ దగ్గరే, మడచెట్ల వేళ్ల మధ్య బురదలో కలుస్తుంది.