పాస్‌పోర్టు అడుగున రెండు వరుసలు

పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున, వరుసకు 44 గడుల చొప్పున అచ్చయ్యే రెండు వరుసలు మనిషి చదవడానికి కాక యంత్రం చదవడానికి ఉద్దేశించినవి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1968లో మొదలుపెట్టిన కృషి ఫలితంగా, 1980లో ‘డాక్యుమెంట్ 9303’ అనే ప్రమాణ గ్రంథం వెలువడి ఈ వరుసలకు రూపం ఇచ్చింది. వీటిని అచ్చువేసే ఓసీఆర్-బి అనే అక్షరశైలిని స్విట్జర్లాండ్ రూపశిల్పి ఆడ్రియన్ ఫ్రూటిగర్ 1968లోనే తీర్చిదిద్దాడు. యంత్రం ఒక అక్షరాన్ని మరొకటిగా పొరబడకుండా, మనిషి కంటికీ ఎబ్బెట్టుగా తోచకుండా ఉండాలన్నది ఆ రూపకల్పనలోని పట్టుదల.

నాటి పఠన యంత్రాల శక్తిని బట్టి, ఈ వరుసల్లో 26 ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, 10 అంకెలు, ఖాళీని పూరించే ఒక బాణపు గుర్తు, మొత్తం 37 సంకేతాలకే చోటు దక్కింది. మొదటి వరుసలో పత్రం రకానికి, దేశానికి అయిదు గడులు పోగా మిగిలిన 39 గడుల్లోనే ఇంటిపేరు, దాని వెనుక రెండు పూరక గుర్తులు, ఆపైన సొంత పేరు ఇమడాలి. ఇమడనివి కత్తిరింపుకు గురవుతాయి. ఐరిష్ పేర్లలో ‘ఓ’ తరువాత వచ్చే కొమ్మువంటి గుర్తు పూర్తిగా జారిపోతుంది, రెండు పేర్లను కలిపే అడ్డగీత పూరక గుర్తుగా మారుతుంది, జర్మన్ పేర్లలో రెండు చుక్కలు మోసే ‘యు’ సాధారణంగా ‘యు-ఇ’ అనే జంటగా విడిపోతుంది, ఐస్‌లాండ్ వారి ‘థోర్న్’ అనే ప్రాచీన అక్షరం ‘టి-హెచ్’ అవుతుంది. పై భాగంలో చుక్కలతోనూ, కింది భాగంలో జంటగానూ ఉన్న పేరుకు, విమాన టికెట్టులో చుక్కలు తీసేసిన మూడో రూపం కూడా తోడైతే, ఒకే మనిషికి మూడు పేర్లు ఏర్పడతాయి.

ఇంతకన్నా ఆలోచించదగిన లోపం మరొకటి ఉంది. పాస్‌పోర్టు సంఖ్య, పుట్టిన తేదీ, గడువు తేదీ ఒక్కొక్కదాని వెంట ఒక తనిఖీ అంకె ఉంటుంది. ఆ గడుల విలువలను వరుసగా 7, 3, 1తో గుణించి, కూడి, పదితో భాగించగా వచ్చిన శేషమే అది. యంత్రం ఒక అంకెను తప్పు చదివితే ఈ లెక్క తప్పి, పొరపాటు వెంటనే బయటపడుతుంది. మనిషికి అన్నిటికన్నా ఆత్మీయమైన పేరుకు మాత్రం ఈ రక్షణ లేదు.

తెలుగువారి పేర్లు ఈ వరుసల దాకా రాకముందే ఒక జల్లెడ దాటుతాయి: రోమన్ లిపిలోకి మారేటప్పుడే ణ-న, ళ-ల తేడాలు, హ్రస్వ దీర్ఘాలు చెరిగిపోగా, ‘లక్ష్మి’లోని సంయుక్తాక్షరాన్ని ఒక కార్యాలయం ‘కె-ఎస్-హెచ్’తోనూ, మరొకటి ‘ఎక్స్’తోనూ రాస్తే, యంత్రం దృష్టిలో ఆ రెండు పేర్లూ వేరువేరు వ్యక్తులవి. ఇంటిపేరు గడిలోనే మొత్తం పేరు చేరి సొంత పేరు గడి ఖాళీగా మిగిలిన వారికి, అమెరికా వీసాపై ‘మొదటి పేరు తెలియదు’ అని సూచించే ఎఫ్‌ఎన్‌యు అనే మూడక్షరాలే పేరుగా అచ్చవుతాయి.

ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ 1991లో తెలుగుతో సహా వెలువడడంతో, అక్షరాలకు చోటు లేదన్న మాటకు ఆధారం పోయింది. అయినా పాత ప్రోగ్రాముల కొలతలు మాత్రం నిలిచిపోయాయి. ‘లక్ష్మి’ అన్న మాట కంటికి రెండు అక్షరాలే అయినా, యూనికోడ్‌లో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అనే ఏడు సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి మూడు బైట్లు, అంటే మొత్తం 21 బైట్లు. పేరుకు 20 బైట్లు చాలునని ఏనాడో నిర్ణయించిన ప్రోగ్రాము చివరి గుడిని మధ్యలో నరికి, ‘లక్ష్మ’ పక్కన అర్థంలేని గుర్తును మిగులుస్తుంది.

యంత్రపు పరిమితిని పౌరుడి పేరుపై రుద్దడం ఎంతవరకు చెల్లుతుందన్న ప్రశ్న 2019లో బ్రస్సెల్స్ అప్పీలు న్యాయస్థానం ముందుకు వచ్చింది. తన పేరులోని స్వరచిహ్నాన్ని సరిగా రాయాలని ఒక ఖాతాదారు కోరగా, 1960లలో ఐబీఎం రూపొందించిన ఎబ్‌సిడిక్ అనే సంకేత పద్ధతిపై నడిచే తమ పాత వ్యవస్థకు అది సాధ్యం కాదని బ్యాంకు వాదించింది. వ్యక్తిగత సమాచారాన్ని సరిదిద్దించుకునే హక్కును ఐరోపా చట్టం ఇచ్చిందనీ, సక్రమంగా నడిచే బ్యాంకు కంప్యూటర్లు మనుషుల పేర్లను సరైన వర్ణక్రమంతో రాయగలగడంతో సహా నేటి ప్రమాణాలకు తగ్గట్టు ఉండాలనీ న్యాయస్థానం తేల్చి, ఖాతాదారు పక్షానే తీర్పు చెప్పింది.