చెక్-ఇన్ సామాను

విమాన ప్రయాణీకుడు కౌంటరు వద్ద తూకం వేయించి విమాన సంస్థకు అప్పగించే పెట్టెలను చెక్-ఇన్ సామాను అంటారు. 2008 మార్చి 23న హైదరాబాదు విమాన సేవలు బేగంపేట నుండి శంషాబాదుకు మారాయి. ఆరాంఘర్ చౌరస్తా దాటి అంత దూరం వచ్చిన తరువాత బరువు ఎక్కువైనదని తెలిస్తే సామాను ఇంటికి పంపుట కష్టం. కనుక ముందే తూచుకొనుట మేలు.

దేశీయ ఎకానమీ టికెట్టుపై ఉచిత పరిమితి సాధారణంగా 15 కిలోలు. గల్ఫ్ ప్రయాణాలలో ఎక్కువగా మొత్తం బరువును లెక్కిస్తారు. అమెరికా ప్రయాణాలలో పెట్టెల సంఖ్యను చూస్తారు, ఒక్కొక్కటి సాధారణంగా 23 కిలోలు. రెండు పెట్టెలు అనుమతించిన టికెట్టుపై ఒకటి 28, మరొకటి 18 కిలోలున్నచో, మొత్తం 46 కిలోలే అయినా మొదటిదానికి రుసుము పడుతుంది. మోసే కార్మికుల భద్రత దృష్ట్యా 32 కిలోలు మించిన పెట్టెను సాధారణంగా స్వీకరించరు.

15 నుండి 20 కిలోల వరకు అదనపు బరువుకు కిలోకు 100 రూపాయలు మించరాదని 2016లో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ ఆదేశించినది. 2017లో ఢిల్లీ హైకోర్టు దానిని కొట్టివేసినది. అటుపిమ్మట ధర విమాన సంస్థల ఇష్టమైనది. కౌంటరులో కంటే ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే సాధారణంగా చవక.

ఆవకాయను ఈ సామానులోనే పెట్టవలెను, అదీ నూనె కారకుండా. ఎండుకొబ్బరిలోని నూనె వేడెక్కి మండే ప్రమాదమున్నందున దానిని ఇందులో అనుమతించరు. పవర్ బ్యాంకులను క్యాబిన్ సంచిలోనే ఉంచవలెను.

అంతర్జాతీయ ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. భారతదేశం ఇందులో 2009లో చేరినది. పెట్టె దెబ్బతింటే అందిన 7 రోజులలోను, ఆలస్యమైతే 21 రోజులలోను వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవలెను.